మా నాలుగు ఓట్లు

రోస్వీటా ఇంట్లో వీధి తలుపు తప్ప మరో తలుపు లేదు. ఆ ఇంట్లో దిగిన వారానికే వంటగదికీ, పడకగదికీ, ఆఖరికి స్నానాల గదికీ ఉన్న తలుపులన్నీ ఊడదీయించి నేలమాళిగలో పడేయించింది. స్నానాల గదికి ఒక పూల కర్టెను మాత్రం కట్టింది. కొత్తవాళ్ళెవరైనా ఇబ్బంది పడితే, "పాట పాడుకుంటూ కూర్చోండి, లోపల మనిషున్నారని మాకు తెలుస్తుంది" అంటుంది. ఆ ఇంటికి ఏళ్ళ తరబడి వచ్చిపోయే తమ్ముడు ఆర్నో రాట్కేకి ఇదంతా అలవాటే. మా రాష్ట్రానికి ఆయన ముఖ్యమంత్రి అయితే అయ్యాడు గానీ, అక్క ఇంట్లో ఆయనా పాట పాడాల్సిందే.

రెండు వారాలకోసారి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆర్నో అక్క దగ్గరికి కాఫీకి వెళతాడు. కారునీ, కాపలావాళ్ళనీ రెండు వీధుల అవతలే ఆపేసి, కోటు కాలరు పైకెత్తుకుని నడిచి వస్తాడు. అది అక్క పెట్టిన షరతు. పెళ్ళయ్యాక ఆవిడ ఇంటిపేరు క్నాప్ అయింది. భర్త పోయినా ఆ పేరు వదల్లేదు. ఆవిడ ముఖ్యమంత్రి అక్క అని ఆ వీధిలో ఒక్కరికీ తెలియదు. "నీ పేరు చెబితే నాకేమన్నా బంగాళాదుంపలు ఊరికే ఇస్తారా? ఊళ్ళో రోడ్ల గుంతలన్నీ నా నెత్తికి చుట్టుకోవడం తప్ప" అంటుంది.

నవంబరు రెండో ఆదివారం. బయట మధ్యాహ్నానికే వెలుగు చచ్చిపోయింది. రోస్వీటా ఆపిల్ కేకు కోసి తమ్ముడి పళ్ళెంలో పెట్టి, ఎప్పటిలాగే గుమ్మానికి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. గుమ్మానికి వీపు పెట్టి ఆవిడ కూర్చోగా ఎవరూ చూడలేదు.

"శుక్రవారం మీ సభకి వస్తోందట కదా, మా బిల్లు" అంది.

"వస్తోంది."

"నీ నాలుగు ఓట్లు పడితే గట్టెక్కుతుందట. ఎల్వీరా లెక్కేసి చెప్పింది."

ఎల్వీరా అంటే ఆవిడ సంఘానికి పెద్ద. ఆ సంఘం సంగతి చెప్పాలంటే యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. దేశం రెండు ముక్కలుగా ఉన్న రోజులు, మాది తూర్పు ముక్క. తండ్రి లేడు. తల్లి నూలు మిల్లులో మూడు షిఫ్టుల మనిషి. పదకొండేళ్ళ ఆర్నోకి పచ్చకామెర్లు వచ్చి ఆరు వారాలు మంచం దిగలేదు. సెలవడిగితే తల్లి పని పోయేట్టుంది. అందుకని పదహారేళ్ళ రోస్వీటా బడి మానేసి తమ్ముడికి గంజి కాచి పోసింది, ఒళ్ళు తుడిచింది, కథలు చెప్పింది. వాడు లేచి తిరిగే వేళకి ఇద్దరు మనుషులు వచ్చి ఆవిణ్ణి తీసుకుపోయారు. ప్రభుత్వం ఆ చోటుని యువజన శ్రమగృహం అనేది. లోపలివాళ్ళు జైలు అనేవాళ్ళు. ఇరవై రెండు నెలలు ఉంచారు. ఎదురు చెప్పినందుకు ఒకసారి మెట్ల కింద గదిలో మూడు రోజులు పెట్టి తాళం వేశారు. ఆవిడ కాగితాల్లో ఈనాటికీ ఉన్నది ఇదీ: బడి ఎగ్గొట్టి తిరిగే అలవాటు, పనిదొంగ, నడత మంచిది కాదు.

దేశం ఒకటయ్యాక ఆ మాటలు కొట్టేయించుకోవడానికి రెండుసార్లు కోర్టుకెక్కింది. అన్యాయంగా పెట్టారని మీరే రుజువు చేయాలన్నారు. బడి మానేసిన మాట నిజమే కదా అన్నారు. రెండోసారి ఆర్నో వెళ్ళి బోనెక్కి జరిగింది జరిగినట్టు చెప్పాడు. పదకొండేళ్ళ పిల్లవాడి జ్ఞాపకం, అందులోనూ సొంత తమ్ముడిది, సాక్ష్యం కిందికి రాదని జడ్జిగారు మర్యాదగా సెలవిచ్చారు. ఇప్పుడొచ్చిన బిల్లు ఆ పద్ధతిని తిరగేస్తుంది. లోపల పడ్డవాళ్ళు రుజువు చేసుకోనక్కర్లేదు, వాళ్ళ కాగితాల మీది మచ్చ దానంతటదే పోతుంది. ఈ ఒక్క బిల్లు కోసం సంఘంలోని ఆడవాళ్ళు, అందరూ అలా లోపల పడ్డవాళ్ళే, ఆరేళ్ళు తిరిగారు. మొదలుపెట్టినప్పుడు ఇరవై మంది, ఇప్పుడు పన్నెండు మంది మిగిలారు.

"మీ టీలో ఒప్పుకున్నాడా?" అని అడిగింది రోస్వీటా. టీలో బ్రెన్నెకె ఉపముఖ్యమంత్రి, పొత్తులో ఉన్న రెండో పార్టీకి నాయకుడు.

"లేదు."

"ఒప్పుకోకపోతే?"

"ఒప్పందం ప్రకారం మా రాష్ట్రం తటస్థం."

"తటస్థం అంటే కాదనడమే కదరా."

అవును, అంతే. లోకంలో ఎక్కడైనా మౌనం అర్ధాంగీకారం అంటారు. బెర్లినులో మా రాష్ట్రాల సభలో మాత్రం మౌనం అంటే నిండు తిరస్కారం. అరవై తొమ్మిది ఓట్లు, అందులో ముప్ఫై ఐదు గొంతు విప్పి అవును అనాలి. కాదన్నవాణ్ణీ, నోరు మూసుకున్నవాణ్ణీ అక్కడ ఒకే గాటన కడతారు. ఒక్కో రాష్ట్రం ఓట్లన్నీ ఒకే మూట, ఒకే నోటి గుండా పడాలి. మావి నాలుగు. ముప్ఫై ఒకటి ఇప్పటికే ఖాయమని ఎల్వీరాకే కాదు, పేపరు చదివే ప్రతివాడికీ తెలుసు.

"ఆ ఒప్పందం రాసిన మహానుభావుడెవడురా?"

ఆర్నో కేకు ముక్క నోట్లో పెట్టుకుని తీరిగ్గా నమలడం మొదలెట్టాడు. రాసింది ఆయనే. నాలుగేళ్ళ కిందట పొత్తు మాటలప్పుడు, తోడేళ్ళని కాల్చడానికి అనుమతివ్వాలని టీలో పార్టీ పట్టుబట్టింది. వాళ్ళు రాష్ట్రాన్ని ఆ ఓటుకి లాక్కుపోతారని భయపడి, మన రెండు పార్టీలకీ కుదరని విషయం ఏదైనా సరే మన రాష్ట్రం తటస్థంగా ఉండాలి అని ఆర్నో స్వయంగా తన పెన్నుతో ఒక వాక్యం చేర్చాడు. ఎంత తెలివైనవాణ్ణి అని ఆ రోజు మురిసిపోయాడు కూడా. తోడేళ్ళ కోసం తీసిన గొయ్యి అది.

"నువ్వేనా?" అంది రోస్వీటా. తమ్ముడి మొహం చూసే కనిపెట్టేసింది. "సరేలే, తిను."

"అక్కా..."

"నేను నిన్నేమీ అడగట్లేదు. పచ్చకామెర్లు నువ్వేమన్నా కొనితెచ్చుకున్నావా? మా పన్నెండు మందిమీ శుక్రవారం బస్సులో వస్తున్నాం, పైన గ్యాలరీలో కూర్చుంటాం. నన్ను చూసి చెయ్యి ఊపకు, అంతే. నువ్వు నా తమ్ముడివని ఎల్వీరాకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా? తమ్ముడికి చెప్పు, తమ్ముడికి చెప్పు అని నా ప్రాణం తోడేస్తుంది."

ఆవిడ నవ్వబోతే దగ్గు వచ్చింది. ఆ ఏడాది మొదటినుంచీ ఆవిడ దగ్గు తగ్గడం లేదు. ఆర్నో లేచి నీళ్ళు తెచ్చి ఇచ్చి, అక్క వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

బుధవారం పొద్దున్న మంత్రివర్గం సమావేశానికి ముందు ఆర్నో టీలోని తన గదికి పిలిపించుకున్నాడు. టీలో యాభై ఏళ్ళవాడు, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, నోట్లో ఎప్పుడూ పిప్పర్మెంటు బిళ్ళ ఉంటుంది. మాట మీద నిలబడతాడని శత్రువులు కూడా ఒప్పుకుంటారు. ఆర్నోకి వచ్చిన చిక్కల్లా అదే. అబద్ధాలకోరుతో అయితే బేరం కుదిరేది.

"మీ అక్కగారి సంగతి నాకు తెలుసు" అన్నాడు టీలో, కూర్చుంటూనే. "మూడేళ్ళ కిందట మీరే చెప్పారు. అందుకే ఈ వారమంతా మీ మొహం చూడలేక తప్పించుకు తిరిగాను."

"అయితే మరి?"

"మా అమ్మ అలాంటి గృహంలోనే వంట చేసేది ఆర్నో గారూ. పద్దెనిమిదేళ్ళు చేసింది. పిల్లలకి దొంగచాటుగా తీపి బిస్కెట్లు ఇచ్చేది. ఇప్పుడు ఎనభై ఎనిమిదేళ్ళు. ఈ బిల్లు వస్తే మర్నాడు పేపర్లు ఏం రాస్తాయి? లోపలున్న పిల్లలందరూ ఖైదీలు అంటే, బయట తాళంచెవి పట్టుకున్న వాళ్ళందరూ ఎవరు? మా అమ్మ జైలు కాపలాదారా? మా పార్టీలో ఇలాంటి అమ్మలు ఇంటికొకరున్నారు."

"ఎవరూ మీ అమ్మని ఏమీ అనరు."

"బిల్లు అనదు. పక్కింటివాళ్ళంటారు."

కిటికీ అద్దం మీద సన్నటి వాన పడుతోంది. "నేను అవునంటే?" అన్నాడు ఆర్నో.

"సాయంత్రానికి మేం నలుగురు మంత్రులం బయటికి వస్తాం. మెజారిటీ ఒక్క సీటు. ఎన్నికలు. ఎవరొస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఉత్తరాన మనం మూతపడకుండా కాపాడుకొస్తున్న ఆసుపత్రులు రెండూ వసంతం దాకా ఉండవు." టీలో బిళ్ళని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చాడు. "నేను మిమ్మల్ని కట్టడి చెయ్యడం లేదు. ఆ వాక్యం నేను రాసింది కాదు."

"తెలుసు. ఎన్నిసార్లు చెబుతారు?"

"ఇదే మొదటిసారి" అన్నాడు టీలో, నొచ్చుకున్నట్టుగా. నిజమే, అంతకుముందు చెప్పింది అక్క.

గురువారం మధ్యాహ్నం కారు బెర్లిను బయల్దేరింది. రోడ్డుకి రెండు పక్కలా దున్ని వదిలేసిన పొలాలు, నీళ్ళు నిలిచిన చాళ్ళు. ముందు సీట్లో కాపలా మనిషి చెవిలో తీగ పెట్టుకుని తన లోకంలో ఉన్నాడు. కారు నడిపే ఊవె పంతొమ్మిదేళ్ళుగా ముఖ్యమంత్రుల కార్లు నడుపుతున్నాడు. ఆర్నో ఆయనకి మూడో ముఖ్యమంత్రి. ఆదివారాలు రెండు వీధుల అవతల కారు ఆపుకుని కూర్చునే మనిషి కనక అక్క సంగతి తెలిసిన కొద్దిమందిలో ఆయనొకడు.

"నువ్వయితే ఏం చేస్తావ్ ఊవె?" అని అడిగాడు ఆర్నో. ఎందుకడిగాడో ఆయనకే తెలియదు. పంతొమ్మిదేళ్ళలో ఏ ముఖ్యమంత్రీ ఊవెని రాజ్యం సంగతి అడిగి ఉండడు.

ఊవె ఒక లారీని దాటించాక అన్నాడు, "నాకేముంది సార్. ఈ ప్రభుత్వం పోతే నాకు ఇంకో ముఖ్యమంత్రి వస్తాడు. మీకు ఇంకో అక్క రాదు."

ఎన్నాళ్ళుగానో ఆర్నో కోసం సలహాలు రాసిపెట్టే పెద్దపెద్ద చదువుల వాళ్ళెవ్వరూ ఇంత మాట చెప్పలేదు. వెంటనే ఫోను తీసి అక్కకి చేశాడు.

"రేపు ముందు వరసలో కూర్చో" అన్నాడు.

"ఏమిటిరా?" అంది అక్క.

"ముందు వరసలో కూర్చో అంటున్నా. నేను చెప్పేది సరిగ్గా వినబడాలి నీకు."

"నిజంగానా?"

"నిజంగా."

"టీలో?"

"టీలో సంగతి నేను చూసుకుంటాను."

ఫోనులో చప్పుడు లేదు. ఏడుస్తోందేమో అనుకున్నాడు. కాదు, గోడ మీద గడియారం చూసుకుంటోంది. "అయితే ఇప్పుడే వెళ్ళి జుట్టు సరిచేయించుకొస్తానురా. నాలుగింటికి మూసేస్తారు" అని ఫోను పెట్టేసింది. ఆర్నో అద్దంలోంచి బయటికి చూస్తూ, ఒక్కడే నవ్వుకున్నాడు. బెర్లిను చేరేదాకా ఆయన మనసు తేలికగానే ఉంది.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి సభ మొదలైంది. మా రాష్ట్రానికి కేటాయించిన బల్ల దగ్గర ఆర్నో, పక్కనే టీలో. బిల్లు ఆరో అంశం. గ్యాలరీలో అప్పటికే జనం ఉన్నారు. ఒక స్కూలు పిల్లల గుంపు, ఇద్దరు ముగ్గురు విలేకరులు, ముందు వరసలో పన్నెండు మంది ఆడవాళ్ళు. అందులో చివరి నుంచి మూడో మనిషి రోస్వీటా. జుట్టు బాగా ఎత్తుగా దువ్వించుకుంది. బట్టల షాపు బొమ్మలా ఉన్నావని మామూలుగా అయితే ఆర్నో ఏడిపించి ఉండేవాడు.

"రాజీనామా కాగితాలు నాలుగూ నా జేబులో ఉన్నాయి ఆర్నో గారూ" అన్నాడు టీలో మెల్లిగా. "బెదిరించడం కాదు. తెలిసి ఉండాలని చెబుతున్నా."

"మంచిది."

టీలో ఒక పిప్పర్మెంటు బిళ్ళ తీసి ఆర్నో ముందు పెట్టాడు.

ఉపన్యాసాలయ్యాయి. ఓటు చేతులెత్తి కాకుండా రాష్ట్రాల పేర్లు పిలిచి తీసుకోవాలని ఎవరో కోరారు. అధ్యక్షురాలు సరేనంది. అక్షర క్రమంలో ఒక్కో రాష్ట్రం పేరూ చదువుతుంటే ఒక్కో గొంతు జవాబిస్తోంది. అవును. అవును. తటస్థం. అవును. కాదు.

ఇప్పుడు ఆర్నో మనసులో జరిగింది చెబుతాను. మంచి మాట కాదు, అయినా చెప్పాలి. ఎవరో ఒకరు జారిపోతే బాగుండునని ఆయన కోరుకున్నాడు. అవునంటామన్న రాష్ట్రాల్లో ఒక్కటి, ఎంత చిన్నదైనా సరే, ఆఖరి నిమిషంలో నోరు మూసుకుంటే బిల్లు ఎలాగూ పోతుంది. అప్పుడు తను అవునన్నా నష్టం లేదు. టీలోని బతిమాలుకోవచ్చు, ఎలాగూ పోయిన బిల్లుకి ప్రభుత్వం ఎందుకు పోగొట్టుకోవడం అని. అక్క వింటుంది తమ్ముడు అవునన్నాడని. పామూ చావదు, కర్రా విరగదు. అలా ఆయన ఒక్కో పేరుకీ చెవులు రిక్కించి, ఆడినమాట తప్పేవాడి కోసం ఎదురుచూశాడు.

ఎవ్వరూ తప్పలేదు. అందరూ చెప్పినమాట మీద నిలబడ్డారు. ముప్ఫై ఒకటి అయ్యాయి. మా రాష్ట్రం పేరు పిలిచారు.

ఆయన పైకి చూశాడు. రోస్వీటా కటకటాల మీద రెండు చేతులూ పెట్టి ముందుకి వంగి ఉంది. ఆ క్షణంలో ఆర్నోకి ఆసుపత్రులు గుర్తొచ్చాయి. ఎన్నికలు గుర్తొచ్చాయి. ఆ ఎన్నికల్లో గెలిచి తన గదిలో కూర్చోబోయే మనుషుల మొహాలు గుర్తొచ్చాయి, వాళ్ళు వస్తే అక్కలాంటి వాళ్ళకే ముందు చేటని కూడా అనిపించింది. కుర్చీ కూడా గుర్తొచ్చింది, దాచడమెందుకు. ఏడేళ్ళు కూర్చున్న కుర్చీ. ఇందులో దేని పాలు ఎంతో ఆయనే చెప్పలేడు, నేనెలా చెప్పను? ఒకటి మాత్రం చూశాను, ముఖ్యమంత్రిగిరీ చేసిచేసి మనిషికి ఒక అలవాటు పడుతుంది. ఇటు వాళ్ళకీ అటు వాళ్ళకీ కోపం రాని మాట ఏదో అది మనసుకంటే ముందు నాలుక మీదికి వచ్చేస్తుంది.

"తటస్థం" అన్నాడు ఆర్నో రాట్కే.

మైకులో ఆ మాట ఆయన అనుకున్నదానికంటే గట్టిగా వినబడింది. పక్కన టీలో కళ్ళు మూసుకుని ఊపిరి వదిలాడు. తర్వాత ఒకే ఒక్క రాష్ట్రం మిగిలింది, అది ముందే చెప్పినట్టు కాదు అంది.

"అనుకూలం ముప్ఫై ఒకటి. కావలసిన ముప్ఫై ఐదు రాలేదు. బిల్లుకి సభ సమ్మతి లభించలేదు" అని అధ్యక్షురాలు చదివి, నీళ్ళు ఒక గుక్క తాగి, కాగితం తిప్పింది. "ఏడో అంశం. పందుల రవాణా నిబంధనల సవరణ. ప్రతిపాదించిన రాష్ట్రం తరఫున ముఖ్యమంత్రి రాట్కే గారు మాట్లాడతారు."

ప్రతిపాదించింది మేమే. రెండు వారాల కిందటే ఖాయమైన ఉపన్యాసం, ఫైలులో సిద్ధంగా ఉంది. ఆర్నో లేచి వేదిక దగ్గరికి నడిచాడు. నడుస్తున్నంతసేపూ తలెత్తకూడదని అనుకున్నాడు. కాగితం మీది మాటలు చదవడం మొదలెట్టాక అవి ఏమిటో ఆయనకి తెలిసొచ్చింది, కానీ ఆపే వీలు లేదు.

"మూగజీవాలని ఎనిమిది గంటలకు మించి మూసిన బండిలో ఉంచడం మన సంస్కారానికి తగదు" అని చదివాడు. "ప్రతి జంతువుకీ పడుకోవడానికి, తిరగడానికి చోటు ఉండాలి. గాలి ఆడాలి. చీకట్లో తలుపులు బిగించి ఉంచిన జీవం పడే భయాన్ని మనం ఊహించుకోవాలి."

పైన ఎవరో ఒకావిడ పెద్దగా నవ్వింది. అది నవ్వేనని ముందు అనిపించింది, తర్వాత కాదని తెలిసింది. గ్యాలరీలో చప్పుడు చేయకూడదని అధ్యక్షురాలు గంట కొట్టింది. ఆర్నో ఇంకా ఒకటిన్నర పేజీ చదివాడు. పందుల తీర్మానం చేతులెత్తి ఓటు తీసుకుంటే ఒక్క అడ్డు మాట లేకుండా నెగ్గింది. రాష్ట్రాలన్నీ అవునన్నాయి.

బల్ల దగ్గరికి తిరిగి వస్తే టీలో ఆయన మోచేయి పట్టుకున్నాడు. "నేను థాంక్స్ చెప్పను. చెబితే మీరు నన్ను కొట్టాలి" అన్నాడు. గ్యాలరీ వైపు చూసి, "వచ్చారా ఆవిడ?" అని అడిగాడు.

"వచ్చింది."

"వెనక వైపు దారి ఉంది. ఊవె కారు అటు తెచ్చి పెట్టాడు."

వెనక దారిన పోయుంటే ఆయనకే మంచిదయ్యేది. కానీ అక్కతో ఒక్కమాట చెప్పాలనిపించింది. ఏ మాటో తెలియదు. ఆదివారం దాకా ఆగితే ఆ ఇంటి గుమ్మం తొక్కే ధైర్యం ఉండదని మాత్రం తెలుసు. అందుకని ముందు హాలు వైపే నడిచాడు. కాపలా మనిషి రెండడుగుల వెనక వస్తున్నాడు.

కోట్లు తగిలించే చోట ఆ పన్నెండు మందీ ఉన్నారు. ఎవరి కోటు వాళ్ళు తీసుకుంటున్నారు, ఒకావిడ కుర్చీలో కూలబడి ఉంటే ఇంకొకావిడ ఆవిడ మెడకి మఫ్లరు చుడుతోంది. అరుపులేమీ లేవు. ఎల్వీరా పొట్టి మనిషి, ఎర్ర టోపీ. ఆర్నోని చూడగానే దారికడ్డంగా వచ్చి నిలబడింది.

కాపలా మనిషి ముందుకి కదిలాడు. ఆర్నో చేత్తో వారించాడు.

"నేనేమీ కొట్టను, భయపడకండి" అంది ఎల్వీరా. "ఒక్కటి అడుగుతాను, చెప్పి పోండి. పందుల మీద అంత చక్కగా మాట్లాడారే. మేమేం పాపం చేశాం?"

"మీ బాధ నాకు..."

"తెలుసా? ఏం తెలుసు? ఇదిగో ఈమె, మా రోస్వీటా" అని వేలెత్తి చూపించింది. "నోట్లో నాలుక లేని మనిషి. నిన్న మాకందరికీ ఫోన్లు చేసి, రేపు తప్పకుండా నెగ్గుతుంది, నాకు తెలుసు, మంచి బట్టలు కట్టుకు రండి అని చెప్పింది. ఎలా తెలుసే అంటే చెప్పదు. పొద్దున్న బస్సులో అందరికీ తలో గ్లాసు వైను పోసింది. ఏమని సమాధానం చెప్పుకోవాలయ్యా ఈ పిచ్చిదానికి?"

ఆర్నో రోస్వీటా వైపు చూశాడు. ఆవిడ కోటు బొత్తాలు పెట్టుకుంటోంది. పైదాకా పెట్టుకుని, ఒకటి తప్పి పెట్టినట్టు తెలిసి, మళ్ళీ అన్నీ విప్పి మొదటినుంచీ పెట్టుకోవడం మొదలెట్టింది. ఒక్కసారి తలెత్తితే చాలు, అక్కా అని పిలిచేద్దామనుకున్నాడు. ఇంతమందిలో పిలుద్దాం, ఏమైతే అదవుతుంది. ఆవిడ తలెత్తలేదు.

ఎల్వీరా ఇంకో అడుగు ముందుకి వేసింది.

"ఏమయ్యా, నీకు అక్కచెల్లెళ్ళు లేరా?"

హాల్లో అటూ ఇటూ పోతున్నవాళ్ళు కూడా ఆగి చూశారు. పదకొండు మంది ఆడవాళ్ళు ఆర్నో మొహంలోకి చూస్తున్నారు. రోస్వీటా ఆఖరి బొత్తాం పెట్టుకుని, సంచీ భుజానికి తగిలించుకుని వచ్చి, ఎల్వీరా చెయ్యి పట్టుకుంది.

"లేరులే ఎల్వీరా" అంది. "పద, బస్సు వెళ్ళిపోతుంది."